అయిదు నక్షత్రాలను మూడుకు దించుతున్నాను: ఒక షేర్ల యాప్‌పై పునఃసమీక్ష

ఈ యాప్‌కు తొమ్మిది నెలల క్రితం నేనే అయిదు నక్షత్రాలు ఇచ్చాను. ఇప్పుడు వాటిని మూడుకు దించుతున్నాను కాబట్టి, ఈ మధ్యకాలంలో ఏం మారిందో చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది. నిజానికి యాప్‌లో మారిందేమీ లేదు. ఆ అయిదు నక్షత్రాలను నేను ఏ నిమిషంలో ఇచ్చానో ఈమధ్య పాత లావాదేవీల పట్టిక తిరగేస్తుంటే బయటపడింది. ఒక షేరును 22 శాతం లాభానికి అమ్మిన వెంటనే, తెర మీద ‘అభినందనలు’ అన్న మాట ఇంకా చెరిగిపోకముందే, ‘మా సేవ మీకు నచ్చిందా?’ అని అడిగే పెట్టె ప్రత్యక్షమైంది. ఆ క్షణంలో నన్ను దేని గురించి అడిగినా నచ్చిందనే అనేవాణ్ని. ఆ తర్వాత నాలుగుసార్లు నష్టానికి అమ్మాను. ఆ నాలుగుసార్లూ పెట్టె రాలేదు. అందరి విషయంలోనూ ఇదే జరుగుతున్నట్లయితే, ఈ యాప్ పేజీలో మెరిసిపోతున్న సగటు రేటింగు గెలిచి లేచినవారిని గుమ్మం దగ్గర ఆపి అడిగి రాసుకున్నదే తప్ప, ఓడి వెళ్లినవారి మాట అందులో లేదు.

యాప్ పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి కాబట్టి మీ ఫోన్‌లో ఉన్నదానికి కూడా ఈ మాటలు కొంతవరకు వర్తించవచ్చు. ఖాతా తెరవడం, డబ్బు జమ కావడం, ఆర్డరు పెట్టగానే నమోదు కావడం వంటి పనుల్లో దీనికి వంక పెట్టలేను. పద్నాలుగు నెలల్లో ఒక్కసారి మాత్రమే తెర స్తంభించింది, అదీ రెండు నిమిషాల్లో సర్దుకుంది. నా అభ్యంతరం ఈ పనితనం గురించి కాదు. తెర మీద దేన్ని పెద్ద అక్షరాల్లో ముందు పెట్టాలి, దేన్ని మూడు తెరల వెనక ఉంచాలి అనే నిర్ణయం యాప్ తయారుచేసినవారిది. ఆ నిర్ణయం మన బుద్ధిలో ముందే ఉన్న వంకరలకు ఎలా నీళ్లు పోస్తుందన్నదే నేను ఇక్కడ పరిశీలించదలచుకున్న విషయం.

పోర్ట్‌ఫోలియో, అంటే నా దగ్గరున్న షేర్ల పట్టిక, తెరిస్తే ఒక్కో షేరు పక్కన మూడు అంకెలు ఉంటాయి: నేను కొన్న ధర, నేటి ధర, ఆ రెంటి మధ్య తేడా. రంగు పూసి, అన్నిటికన్నా పెద్దగా చూపించేది మూడోదాన్ని. ఆ కంపెనీకి అప్పెంత, అమ్మకాలెంత, లాభం ఎటు పోతోంది అన్న వివరాలు కావాలంటే లోపలికి వెళ్లి వెతుక్కోవాలి. పన్ను లెక్కల సంగతి అలా ఉంచితే, నేను కొన్న ధరకూ ఆ కంపెనీ భవిష్యత్తుకూ ఎలాంటి సంబంధమూ లేదు. నేను వందకు కొన్నానన్న సంగతి కంపెనీకి తెలియదు, మార్కెట్‌కు తెలియదు. తెలిసింది నాకూ ఈ యాప్‌కూ మాత్రమే. అయినా రోజూ పొద్దున్నే యాప్ నాకు ముందుగా గుర్తుచేసేది ఆ ఒక్క అంకెనే.

దీని వల్ల జరిగే కీడు ఏమిటో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎప్పుడో వివరించారు. మనిషి తన లాభనష్టాలను మొత్తం ఆస్తిని బట్టి కాక ఏదో ఒక ఆధార బిందువు నుంచి కొలుచుకుంటాడనీ, అదే పరిమాణంలో వచ్చిన లాభం ఇచ్చే సంతోషం కన్నా నష్టం కలిగించే బాధ పెద్దదనీ, నష్టంలో ఉన్నవాడు దాని నుంచి బయటపడడానికి మామూలుగా చేయని తెగింపు చేస్తాడనీ డేనియల్ కానెమాన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రచురించిన ప్రాస్పెక్ట్ సిద్ధాంతం చెబుతుంది. 1985లో హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ దీన్ని షేర్లకు అన్వయించి, పెరిగినదాన్ని తొందరపడి అమ్మడం, పడినదాన్ని పట్టుకుని వేలాడడం అనే అలవాటుకు డిస్పోజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. ఒక బ్రోకరేజి సంస్థలోని 10,000 ఖాతాలను 1987 నుంచి 1993 దాకా పరిశీలించిన టెరెన్స్ ఓడీన్, మదుపరులు అమ్మగలిగిన లాభాల్లో 14.8 శాతం అమ్ముకుంటే, అమ్మగలిగిన నష్టాల్లో 9.8 శాతం మాత్రమే వదిలించుకున్నారని 1998లో చూపించారు. అంతకన్నా బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది: వాళ్లు లాభానికి అమ్మేసిన షేర్లు, నష్టంలో పట్టుకుని కూర్చున్న షేర్ల కన్నా ఆ తర్వాతి ఏడాదిలో సగటున 3.4 శాతం పాయింట్లు ఎక్కువే రాబడి ఇచ్చాయి.

నా కథ ఆ లెక్కలో ఒక గీత. ఆరు నెలల క్రితం నాకు కొంత నగదు అవసరమైంది. ఆకుపచ్చగా, 18 శాతం పైన ఒక షేరు ఉంది. ఎర్రగా, 31 శాతం కింద ఇంకొకటి ఉంది. ఏ కంపెనీ బాగుందన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. పచ్చనిదాన్ని అమ్మాను, ఎర్రనిదాన్ని ‘కొన్న ధర వస్తే చాలు, వదిలేస్తాను’ అనుకుంటూ ఉంచుకున్నాను. దింపుడు కళ్లం ఆశ అంటే ఏమిటో అంతకుముందు మాటగానే తెలుసు. ఆ ఎర్ర షేరు ఆ తర్వాత 44 శాతం కిందికి దిగింది. ఈ తప్పు నాదే, యాప్‌ది కాదు. కానీ నేను తప్పు చేస్తున్న సమయంలో యాప్ ఎటువైపు నిలబడిందో కూడా చెప్పాలి కదా.

అది నిలబడిన చోటు చాలా దగ్గరగా చూపిస్తాను. నష్టంలో ఉన్న షేరు మీద వేలు నొక్కితే కింద మూడు బొత్తాలు వస్తాయి: కొను, అమ్ము, మూడోది ‘సగటు తగ్గించుకోండి’. ఆ మూడోదాన్ని నొక్కితే ఒక చిన్న లెక్కల యంత్రం తెరుచుకుంటుంది. అందులో ఒక జారుడు గీతను వేలితో కుడివైపు జరిపే కొద్దీ, ఇంకెన్ని షేర్లు కొంటే నా సగటు ధర ఎంతకు దిగుతుందో, ‘గట్టెక్కడానికి’ షేరు ఎంత పెరిగితే చాలో అంకెలు కదులుతూ కనిపిస్తాయి. నా షేరు గట్టెక్కాలంటే 45 శాతం పెరగాలి అని ఉన్నది, వేలు జరపగానే 30, ఇంకా జరపగానే 22 అయింది. అంకె తగ్గుతున్న కొద్దీ నా గుండె బరువు తగ్గిన మాట నిజం. నేను నిజంగా చేస్తున్నది మాత్రం పడుతున్న కంపెనీ మీద రెండింతల సొమ్ము పెట్టడం. సగటు తగ్గింది, ప్రమాదం పెరిగింది. యంత్రం మొదటిదాన్ని మాత్రమే చూపించింది. పడిన షేరును మరికొంత కొనడం ఎల్లప్పుడూ తప్పని అనను. కంపెనీని మళ్లీ చదివి, ఈ ధరకు ఇది చౌక అని తేల్చుకుని కొనేవారు ఉంటారు. అయితే అలా తేల్చుకున్నవారికి జారుడు గీత అవసరం ఉండదు.

ఇక్కడ యాప్ తయారీదారులు ‘మేం సమాచారం ఇస్తున్నాం, నిర్ణయం మీది’ అంటారు. ఆ మాట సగమే నిజం. కేరీ ఫ్రిడ్‌మన్, ఆంటోనియో రాంగెల్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రయోగశాల మార్కెట్‌లో వ్యాపారం చేసేవారికి కొన్న ధరను కంటికి అంతగా ఆనకుండా చేసేసరికి డిస్పోజిషన్ ఎఫెక్ట్ 25 శాతం తగ్గింది. అక్కడ ఎవరికీ పాఠం చెప్పలేదు, ఎవరినీ మందలించలేదు. ఒక అంకెను కళ్ల ముందు నుంచి తప్పించారు, అంతే. మరి ఈ యాప్‌లో కొన్న ధర నిలువు వరుసను దాచే సదుపాయం ఉందా అని సెట్టింగులన్నీ వెతికాను. తెర రంగు మార్చుకోవచ్చు, అక్షరాల పరిమాణం మార్చుకోవచ్చు, నా ఫొటో చుట్టూ చట్రం కూడా మార్చుకోవచ్చు. ఆ వరుసను మాత్రం తీసెయ్యలేం.

రంగుల సంగతి కూడా చిన్నది కాదు. నష్టాన్ని ఎర్రగా చూపిస్తే మదుపరులు సాహసానికి వెనకాడతారనీ, నల్లగానో నీలంగానో చూపిస్తే ఆ జంకు తగ్గుతుందనీ 2021లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. చైనా మార్కెట్లలో ఎరుపు పెరుగుదలకూ ఆకుపచ్చ తరుగుదలకూ గుర్తు; అక్కడివారి మీద ఎరుపు ఆ ప్రభావం చూపలేదు. అంటే మనం భయపడుతున్నది నష్టానికి ఎంతో, రంగుకు ఎంతో విడదీసి చెప్పడం కష్టం. నేను ఫోన్‌నే నలుపు తెలుపుల్లోకి మార్చి యాప్ వాడి చూశాను. మొదటి రెండు రోజులు ఏదో చప్పగా అనిపించింది. మూడో రోజు నుంచి యాప్ తెరవాలన్న యావే తగ్గింది.

యావ అన్నాను కాబట్టి నోటిఫికేషన్ల గురించి. ఖాతా తెరిచిన రోజు నుంచే పదకొండు రకాల నోటిఫికేషన్లు వాటంతటవే పనిచేస్తుంటాయి. వద్దనుకుంటే ఒక్కొక్కదాన్నీ మనమే ఆపుకోవాలి. ముందే పెట్టి ఉంచినదాన్ని మార్చడానికి మనిషి బద్ధకిస్తాడన్న సంగతి వాళ్లకు బాగా తెలుసు. రోజుకు మూడుసార్లు ‘మీ పోర్ట్‌ఫోలియో ఇంత తగ్గింది’ అని ఫోన్ మోగితే జరిగేది ఏమిటంటే, ఏడాదికి ఒకసారి చూస్తే లాభంగా కనిపించే పెట్టుబడి, రోజూ చూసేవాడికి దాదాపు సగం రోజులు నష్టంగా కనిపిస్తుంది. నష్టం బాధ పెద్దది కాబట్టి మొత్తం మీద అతనికి మిగిలేది బాధే. 1997లో రిచర్డ్ థేలర్, ట్వెర్‌స్కీ, కానెమాన్, అలన్ ష్వార్ట్జ్ కలిసి చేసిన ప్రయోగంలో, ఫలితాలను నెలకొకసారి చొప్పున చూసినవారు తమ సొమ్ములో సుమారు 40 శాతాన్ని షేర్ల నిధిలో పెడితే, ఏడాదికొకసారి చూసినవారు సుమారు 70 శాతం పెట్టారు. నిధులు అవే, రాబడులు అవే, చూసిన సార్లే వేరు. యాప్ నన్ను తన దగ్గరకు ఎన్నిసార్లు పిలిస్తే దానికి అంత లాభం. నేను ఎంత తక్కువగా వెళితే నాకు అంత లాభం. ఈ రెండూ కలిసే చోటు లేదు.

హోమ్ తెర మీద ‘ఈరోజు ఎక్కువమంది కొంటున్నవి’ అని ఒక వరుస కదులుతూ ఉంటుంది. గొర్రెదాటుకు ఇంతకన్నా సొగసైన రహదారి వేయలేరు. అమెరికాలోని రాబిన్‌హుడ్ అనే షేర్ల యాప్ వాడుకరుల కొనుగోళ్లను బ్రాడ్ బార్బర్, ఓడీన్ తదితరులు పరిశీలించినప్పుడు, ఒక రోజున అందరూ ఎగబడి కొన్న షేర్లు ఆ తర్వాతి 20 రోజుల్లో మార్కెట్‌తో పోల్చి సగటున 4.7 శాతం వెనకబడ్డాయి. అదే కంపెనీ 2021లో, లావాదేవీ పూర్తయ్యాక తెర మీద రంగు కాగితాలు రాలే బొమ్మను తొలగించింది. నా యాప్‌లో ‘అభినందనలు’ అన్న మాట ఇంకా రాలుతూనే ఉంది. బార్బర్, ఓడీన్‌ల 2000 నాటి పరిశోధన అంతకన్నా సూటిగా ఉంటుంది: 1991 నుంచి 1996 వరకు 66,465 కుటుంబాల ఖాతాలు చూస్తే, అందరికన్నా ఎక్కువగా కొనుగోళ్లూ అమ్మకాలూ జరిపినవారికి ఏడాదికి 11.4 శాతం దక్కింది. అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. నేను నా పద్నాలుగు నెలల లెక్క తీశాను. ఆ అంకె ఇక్కడ రాయను గానీ, అందులో బ్రోకరేజి, అంటే లావాదేవీల రుసుము, వాటా చూశాక ఒక సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

‘52 వారాల గరిష్ఠం’, అంటే గడిచిన ఏడాదిలో షేరు అందుకున్న అత్యధిక ధర, అన్న అంకె గురించి రెండు మాటలు చాలు. అంకెల చక్రం తిప్పి 10 వచ్చినవారూ, 65 వచ్చినవారూ ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాల శాతం ఎంతో ఊహించమంటే, మొదటివారి మధ్యస్థ అంచనా 25, రెండోవారిది 45 అయిందని కానెమాన్, ట్వెర్‌స్కీ 1974లోనే రాశారు. సంబంధం లేని చక్రమే మన అంచనాకు అంత లంగరు వేస్తే, అదే షేరు ఒకనాడు అందుకున్న ఎత్తు ఎంత లంగరు వేస్తుందో చెప్పనక్కర్లేదు. పక్కనే ఆ అంకె లేకపోతే నేను కొన్న వాటిలో రెండు షేర్లు నాకు ‘చౌక’గా కనిపించేవి కావు.

వార్తల విభాగం మరో రకం ఉచ్చు. నేను ఏ షేర్లు కొన్నానో వాటి వార్తలే చూపిస్తుంది, వాటిలోనూ నేను ఎలాంటివి తెరుస్తానో గమనించి అలాంటివే పైకి తెస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడికి మూడు కాళ్ల కుందేళ్ల బొమ్మలే రోజూ పంపిస్తే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంటుంది. 1960లో పీటర్ వేసన్ 2, 4, 6 అనే అంకెలిచ్చి వాటి వెనక ఉన్న నియమం కనిపెట్టమన్నప్పుడు, చాలామంది రెండేసి పెరిగే వరుసలనే పరీక్షించి, అదే నియమమని తేల్చేశారు. అసలు నియమం అంకెలు పెరుగుతూ పోవాలన్నది మాత్రమే. తమ ఊహను తప్పని తేల్చగల వరుసను అడిగి చూడాలని వాళ్లకు తోచలేదు. ప్రతి షేరు పేజీలో ‘దీన్ని ఎందుకు కొనకూడదు’ అని ఒక్క శీర్షిక పెడితే ఈ యాప్ నాకు చేయగల మేలు, మిగిలిన వార్తలన్నీ కలిపి చేసిన మేలు కన్నా ఎక్కువ.

మూడు నక్షత్రాలు ఎందుకు మిగిల్చానంటే, ఇందులో ఒక మంచి వస్తువు ఉంది, దాన్ని యాప్‌వారే సరిగా గుర్తించినట్టు లేరు. ఆర్డరు పెట్టే తెర అడుగున చిన్న అక్షరాల్లో ‘నోటు రాసుకోండి’ అని ఉంటుంది. ఎందుకు కొంటున్నానో అందులో రాస్తే, తేదీతో సహా ఆ షేరుతో పాటే ఉండిపోతుంది. అమ్మేటప్పుడు మళ్లీ కనిపిస్తుంది. గత అయిదు నెలలుగా ప్రతి ఆర్డరుకూ రెండు వాక్యాలు రాస్తున్నాను. చదువుకుంటే నామోషీగా ఉంటుంది. ఒకచోట ‘పెరుగుతోంది కదా’ అని మాత్రమే ఉంది. ఇంకొక షేరు పడినప్పుడు ‘నాకు ముందే అనుమానంగా ఉంది’ అని ఇంట్లో అన్నాను, నోటు తెరిచి చూస్తే ‘ఇందులో అనుమానమే లేదు’ అని నా చేత్తోనే రాసి ఉంది. జరిగిపోయాక ముందే తెలుసనిపించడం గురించి 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ పర్యటనలకు ముందు విద్యార్థుల అంచనాలు తీసుకుని, తర్వాత వాటిని గుర్తు తెచ్చుకోమని అడిగిన బరూక్ ఫిష్‌హాఫ్ పరిశోధన ఎప్పుడో చదివాను. జరిగినవాటికి తాము ముందు చెప్పినదానికన్నా ఎక్కువ అవకాశం ఇచ్చామని విద్యార్థులు గుర్తు చేసుకున్నారట. చదివినప్పుడు అది విద్యార్థుల సంగతి అనుకున్నాను.

ఈ నోటులోనూ ఒక లోపం ఉంది. రాసినదాన్ని తర్వాత దిద్దవచ్చు. ఆ ‘అనుమానమే లేదు’ను చూసిన రాత్రి దాన్ని చెరిపి ‘కొంత అనుమానం ఉంది’ అని రాయాలని నా బొటనవేలు నిజంగానే దిద్దుబాటు గుర్తు దాకా వెళ్లింది. నాలుగు రోజుల తర్వాత నేను ఆ దిద్దుబాటునే నిజమని నమ్మేవాణ్నని నాకు సందేహం లేదు.

ప్రీమియం చందా మీద కూడా ఒక మాట అనాలి. నెల రోజులు ఉచితం అన్నారు, గడువు ముగిశాక మళ్లీ అడగకుండానే ఏడాది రుసుము తీసుకున్నారు. నియమాల్లో ఉన్నదే కాబట్టి మోసం అనను. డబ్బు కట్టాను కదా అని వాళ్ల వారపు నివేదికలను ఆదివారాలు కూర్చుని చదివాను, వాటిలో చెప్పినవి కొన్ని కొన్నాను కూడా. చందా కట్టకపోతే ఆ నివేదికలను ఉచితంగా ఇచ్చినా చదివేవాణ్ని కాను. పోయిన సొమ్ము వెంట కాలాన్ని కూడా పంపించడం అంటే ఇదే. 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ నాటకశాల సీజన్ టికెట్లను కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు ఇచ్చి చూస్తే, సీజన్ తొలి సగంలో పూర్తి ధర కట్టినవారే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకాలైతే కనీసం వినోదం ఉంటుంది. ఎనిమిదో నివేదిక దగ్గర ఆపేశాను.

యాప్‌లో పట్టుకున్న ఈ వంకరలు బయట కూడా కనిపించడం మొదలైంది. పాత ఫోన్ అమ్మడానికి పెట్టి, వచ్చిన ప్రతి ధరనూ తక్కువని తిప్పి పంపుతుంటే, కాకి పిల్ల కాకికి ముద్దని మా ఆవిడ నవ్వింది. కాఫీ కప్పులు ఇచ్చి చేసిన ప్రసిద్ధ ప్రయోగంలో, కప్పు చేతికి వచ్చినవారు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, చేతిలో లేనివారు కొనడానికి ఇస్తామన్న ధరకు రెండింతలు దాటింది. అదే ఫోన్ ఇంకొకరు అమ్ముతుంటే నేను ఎంత ఇస్తాను అని నన్ను నేనే అడిగి చూసుకున్నాక, మూడో బేరగాడికి ఇచ్చేశాను. ఇదే ప్రశ్నను యాప్‌లోని ప్రతి షేరుకూ వేస్తున్నాను: ఇది నా దగ్గర లేకపోతే ఇవాళ ఈ ధరకు కొంటానా? ఆ ఎర్ర షేరుకు జవాబు ‘కొనను’ అని వచ్చింది. అయినా అమ్మడానికి ఇంకో పదకొండు రోజులు పట్టింది.

యాప్‌ను తీసేయాలా అని కూడా ఆలోచించాను. ఇది నా ఫోన్‌లో లేకపోతే, ఇప్పుడు తెలిసినవన్నీ తెలిసి, ఇవాళ పెట్టుకుంటానా అన్న ప్రశ్నకు, నోటిఫికేషన్లన్నీ ఆపి, హోమ్ తెరను దాటి నేరుగా నోటు దగ్గరకు వెళ్లేట్టయితే పెట్టుకుంటాననే జవాబు వచ్చింది. అందుకే ఉంచాను. కొన్న ధర వరుసను దాచుకునే వీలు, రాసిన నోటును ఎవరూ దిద్దలేకుండా తాళం వేసే వీలు, ఈ రెండూ కల్పించిన రోజున నాలుగో నక్షత్రం ఇస్తాను. రేటింగు పెట్టెను నష్టానికి అమ్మినప్పుడు కూడా చూపిస్తే అయిదోది కూడా ఇవ్వడానికి అభ్యంతరం లేదు.